పదకొండు ఊళ్లు, మైనస్ పద్నాలుగు గోల్డ్: నిజాం ఆడిన ఆటే మనమూ ఆడుతున్నామా?

కర్నూలు ఎండల సంగతి మీకు తెలిసిందే. పగలు రికార్డింగ్ పెట్టుకుంటే ఫ్యాన్ సౌండ్ వస్తుంది, ఫ్యాన్ ఆపితే నేను ఉడికిపోతాను. అందుకే రాత్రి పదకొండుకి కూర్చున్నాను. వెనక కుక్కలు అరిస్తే కొంచెం సర్దుకోండి.

ఈరోజు ఎపిసోడ్‌కి కారణం ఆదోని నుంచి ఒక తమ్ముడు పంపించిన సేవ్ ఫైల్. ఆట సివిలైజేషన్ 6. తమ్ముడు రాసింది ఒక్కటే లైను: "అన్నా, నేను గెలుస్తున్నానా, ఓడిపోతున్నానా?" ఫైల్ ఓపెన్ చేసి చూశాను. 118వ టర్ను. పదకొండు సిటీలు. మ్యాప్ నిండా ఇతని రంగే. పక్కన ఉన్న ముగ్గురు రాజులూ స్నేహితులే, అందరి ముఖం పక్కనా పచ్చ బొమ్మ. చూసేవాడు ఎవడైనా "అబ్బ, దుమ్ము లేపాడు" అంటాడు. ఇప్పుడు పైన ఎడమ వైపు చూడండి. ఖజానాలో 62 గోల్డ్ ఉంది. టర్నుకి మైనస్ 14.

అంటే నాలుగు టర్నులు గడుస్తాయి. అయిదో టర్నుకి ఖజానా ఖాళీ. ఆ తర్వాత కూడా మైనస్‌లోనే ఉంటే ఈ ఆటలో జీతం లేని సైన్యం ఒక్కొక్కటిగా మాయమైపోతుంది. సైన్యం పోయిందని తెలిశాక ఆ పచ్చ బొమ్మలు ఎంతకాలం పచ్చగా ఉంటాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మామూలుగా అయితే "ఇన్ని సిటీలు వద్దు, కమర్షియల్ హబ్ కట్టు" అని పది నిమిషాల్లో వీడియో ముగించేవాణ్ణి. కానీ ఖర్చుల పట్టీ తెరిచి చూస్తే నాకు వేరేది గుర్తొచ్చింది. ఈ ఆటని సరిగ్గా ఇలాగే ఆడిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. ఆయన ఆడిన మ్యాప్ మన ఊళ్ల మ్యాపే, పందెంగా పెట్టింది మన జిల్లాలనే. అందుకని ఈరోజు సగం గేమ్, సగం చరిత్ర. చరిత్ర వద్దనుకునేవాళ్లు చివరికి వెళ్లిపోండి, అక్కడ ఫైల్‌ని బాగు చేసేది ఉంది. నేనేం అనుకోను.

ముందు పట్టీ చూద్దాం. టర్నుకి వచ్చేది 31 గోల్డ్, పోయేది 45. ఆ 45 ఎక్కడికి పోతోంది? కత్తి వీరులు ఆరుగురు, ఒక్కొక్కరికి 2, అక్కడ 12. విలుకాళ్లు నలుగురు, ఒక్కొక్కరికి 1, అది 4. సైన్యానికి మొత్తం 16. కట్టడాల నిర్వహణకి 19. ఇంకా 10 మిగిలింది. ఆ పది ఎవరికి పోతోందని వెతికితే డీల్స్ పేజీలో దొరికింది. మన తమ్ముడు నూరో టర్నులో పక్క రాజుతో ఒప్పందం చేసుకున్నాడు. ఇద్దరూ కలిసి మూడో రాజు మీద యుద్ధం చేయాలి. అందుకు బదులుగా ఆ పక్క రాజుకి 30 టర్నుల పాటు టర్నుకి 10 గోల్డ్ ఇవ్వాలి. యుద్ధం గెలిచారు. తమ్ముడికి మూడు సిటీలు వచ్చాయి. యుద్ధం 112కే అయిపోయింది, కంతు మాత్రం 130 దాకా కట్టాలి.

ఆ మూడు సిటీలు కలిపి ఇస్తున్నది ఎంతో చూడండి. టర్నుకి 4 గోల్డ్. సగం కట్టడాలు యుద్ధంలో విరిగి ఉన్నాయి. ఒక సిటీలో లాయల్టీ రోజురోజుకీ పడిపోతోంది. అంటే పది కట్టి నాలుగు తెచ్చుకుంటున్నాడు. పైగా ఆ నాలుగుకి కాపలా కాయడానికి ముగ్గురు కత్తి వీరుల్ని అక్కడే కూర్చోబెట్టాడు.

సరే, ఇప్పుడు 1790లలోకి వెళ్దాం.

మన కడపని మయానా నవాబులు ఏలేవారు. 1779లో హైదర్ అలీ ఆ రాజ్యాన్ని కలిపేసుకున్నాడు. హైదర్ తర్వాత టిప్పు. అటు హైదరాబాద్‌లో నిజాం అలీ ఖాన్, రెండో ఆసఫ్ జా. పడమర మరాఠాలు. తూర్పున, దక్షిణాన ఈస్టిండియా కంపెనీ. నలుగురు ఆటగాళ్లు. మ్యాప్ మధ్యలో మనం ఉన్నాం, ఎండిపోయిన గడులం. ఈ నలుగురిలో సైన్యపరంగా బలహీనుడు నిజామే. మరి బలహీనుడు ఎట్లా ఆడాలి? ఎవడో ఒకడితో కలవాలి. 1792లో కంపెనీతో, మరాఠాలతో కలిసి టిప్పుని శ్రీరంగపట్నంలో ఓడించారు. పంపకాల్లో నిజాంకి కడప ప్రాంతం వచ్చింది. కోటలు, చెరువులు, గండికోటతో సహా. ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ. మంచి మూవ్.

మూడేళ్లు తిరిగేసరికి, 1795 మార్చిలో, అదే మరాఠాలు ఖర్దా దగ్గర నిజాం మీద పడ్డారు. నిజాం దగ్గర అప్పటికే కంపెనీ బెటాలియన్లు రెండు ఉన్నాయి, జీతం ఈయనే ఇస్తున్నాడు. మరాఠాల మీద వాటిని వాడటానికి వీల్లేదన్నారు. గవర్నర్ జనరల్ జాన్ షోర్ "మేం తటస్థం" అని కూర్చున్నాడు. నిజాం ఓడిపోయాడు. భూమి ఇచ్చాడు, కోట్లలో డబ్బు ఒప్పుకున్నాడు, మంత్రి అరిస్తూ జాని పూణేకి బందీగా పంపాడు.

గేమ్ ఆడేవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. సివ్‌లో ఫ్రెండ్‌షిప్ డిక్లేర్ చేశారనుకోండి, దాని అర్థం ఏమిటి? "30 టర్నులు నీ మీదికి రాను" అని. అంతే. "నీ మీదికి ఇంకొకడు వస్తే నేను వస్తాను" అని దాంట్లో ఎక్కడా లేదు. ఆదోని తమ్ముడు ఆ మూడు పచ్చ బొమ్మల్ని చూసుకుని సరిహద్దుల్లో ఒక్క గోడ కూడా కట్టలేదు. ఖర్దాకి ముందు నిజాం మనసులో ఏముందో నాకు తెలీదు గానీ, తమ్ముడి మనసులో ఏముందో ఈ మ్యాప్ చూస్తే తెలిసిపోతోంది.

ఓడిపోయాక నిజాం కంపెనీ మీద అలిగాడు. ఫ్రెంచివాడు రేమండ్ తయారు చేసిన సొంత దళాన్ని పెంచుకున్నాడు. హైదరాబాద్‌లో మెట్రో ఎక్కేవాళ్లకి మూసారాంబాగ్ స్టేషన్ తెలుసు కదా, ఆ మూసారాం ఈ రేమండే. కానీ 1798లో రేమండ్ చనిపోయాడు. అదే సంవత్సరం కొత్త గవర్నర్ జనరల్ వెల్లస్లీ వచ్చాడు. సెప్టెంబర్ 1న ఒప్పందం కుదిరింది: ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి, కంపెనీ బెటాలియన్లు ఆరు శాశ్వతంగా ఉంటాయి, వాటి ఖర్చు కింద నిజాం ఏటా 24 లక్షల పైచిలుకు రూపాయలు కట్టాలి.

ఏటా. ఆ మాటని పట్టుకోండి. మన పట్టీలో "టర్నుకి 10 గోల్డ్" అనే లైను ఇదే.

1799లో టిప్పు చనిపోయాడు. మళ్లీ పంపకాలు. నిజాంకి గుత్తి, గుర్రంకొండ ప్రాంతాలు వచ్చాయి. ఇప్పుడు మ్యాప్ చూస్తే నిజాం పేరు మీద అంత భూమి ఉంది, కృష్ణ దాటి, తుంగభద్ర దాటి, పెన్నా దాటి. స్క్రీన్ షాట్ తీసుకుని స్టేటస్ పెట్టుకోవచ్చు. కానీ ఖర్చు ఏటా వస్తుంది, ఆదాయం ఎక్కడిది? ఈ భూమిలో అసలు పాలన ఎవరిది? పాలెగాళ్లది. తర్వాత ఇక్కడికి వచ్చిన కంపెనీ లెక్క ప్రకారం 80 మంది పాలెగాళ్లు, వాళ్ల కింద ముప్పై వేల మంది ఆయుధాలు పట్టినవాళ్లు. ప్రతి కోటలో ఒకడు. శిస్తు వసూలు చేయాలంటే ముందు సైన్యం పంపాలి. సైన్యం ఖర్చుకే శిస్తు చాలదు. రంగు నిజాంది, రాబడి సున్నా.

1800 అక్టోబర్ 12న ఇంకో ఒప్పందం చేశారు. దళాన్ని ఎనిమిది బెటాలియన్లకి, రెండు అశ్వదళాలకి పెంచారు. నగదు ఇక ఏటా కట్టక్కర్లేదు. దానికి బదులు 1792లో వచ్చింది, 1799లో వచ్చింది, రెండూ కంపెనీకి రాసిచ్చేయాలి. శాశ్వతంగా. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత. రెండు యుద్ధాల్లో గెలుచుకున్న భూమి ఒక సంతకంతో పోయింది. గెలిపించిన సైన్యం జీతం కిందే పోయింది.

ఇంగ్లిష్‌లో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ అన్నారు, తెలుగులో దత్త మండలాలు అన్నారు. అంటే ఇచ్చేసిన జిల్లాలు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అని పేరు పెట్టేదాకా, నూట ఇరవై ఎనిమిదేళ్లు, మన పేరు "ఇచ్చేసినవాళ్లు". ఇప్పటికీ పోలేదు చూడండి. సినిమా రిలీజైన మర్నాడు కలెక్షన్లు చూస్తారు కదా, నైజాం ఇంత, సీడెడ్ ఇంత అని. మన హీరో సినిమా సీడెడ్‌లో దుమ్ము లేపింది అని మనమే స్టేటస్ పెడతాం. 1800 నాటి బాకీ చెల్లింపు రసీదు మీద ఉన్న పేరది.

ఇంకో తమాషా. సివ్ 6లో యుద్ధం ముగిసి సంధి చేసుకునే స్క్రీన్‌లో, పట్టుకున్న సిటీని శాశ్వతంగా రాసిచ్చేదానికి మెనూలో వాడే మాట ఏమిటో తెలుసా? సీడ్. అదే మాట. నేను పదేళ్లుగా ఆ బటన్ నొక్కుతున్నాను. నాకు స్ఫురించింది పోయిన వారమే.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. టైటిల్‌లో నిజాంని దోషిలాగా పెట్టాను గానీ, ఆలోచిస్తే అంత సులభం కాదు. ఆయన ప్రత్యర్థుల్ని చూడండి. టిప్పు 1799లో పోయాడు. పీష్వా 1818లో పోయాడు. నిజాం వంశం 1948 దాకా ఉంది. సంధిలో కూడా ఆయన ఊరికే వదల్లేదు. తుంగభద్రకి ఉత్తరాన తనకి అనువైన భాగాలు ఉంచుకుని, దక్షిణాన ఆదోని లాంటివి బదులిచ్చాడు. నదిని సరిహద్దు చేసుకున్నాడు. కాపాడుకోగలిగింది ఉంచుకుని, కాపాడలేనిది వదిలాడు. ఆదోని తమ్ముడూ, నీ ఊరు సర్దుబాటులో పోయిన ఊరు, గమనించావా?

కానీ బాకీ ఆయన వారసుల్ని వదల్లేదు. దళాల జీతాల లెక్క మళ్లీ పేరుకుపోయింది. 1853లో బేరార్‌ని కంపెనీ చేతిలో పెట్టాల్సి వచ్చింది. అదే మూవ్ రెండోసారి. రాజ్యం బతికింది, కానీ కంతు కట్టాల్సి వచ్చినప్పుడల్లా ఒక ముక్క పోయింది. ఆటగాడి వైపు నుంచి చూస్తే దీన్ని గెలుపు అనొచ్చేమో. ఇచ్చేసిన ముక్కలో పుట్టినవాడిగా నాకు అలా అనబుద్ధి కావడం లేదు. కడప రైతుని, గుత్తి నేతగాణ్ణి ఎవరూ అడగలేదు. గేమ్‌లో మనం కూడా సిటీలో ఉన్న జనాభాని అడగం, బటన్ నొక్కుతాం.

కంపెనీ ఇదే భూమితో ఏం చేసిందో త్వరగా చెప్పేస్తాను. థామస్ మన్రోని ప్రిన్సిపల్ కలెక్టర్‌గా పంపారు. 1800 నుంచి 1807 దాకా ఇక్కడే ఉన్నాడు. పాలెగాళ్లని కొందర్ని తరిమాడు, కొందరికి పింఛన్ ఇచ్చి కూర్చోబెట్టాడు. పొలం పొలం కొలిపించి రైతు పేరు మీదే శిస్తు కట్టాడు. అంటే ఎకానమీ ముందు, విస్తరణ తర్వాత. కానీ ఆ శిస్తు రైతు మోయలేనంత ఎక్కువని చివర్లో మన్రోనే ఒప్పుకున్నాడు, 25 శాతం తగ్గించమని 1807లో రాశాడు. గవర్నర్ అయ్యాక గానీ తగ్గింపు అమలు కాలేదు. 1827లో పర్యటనకి వచ్చి మా పత్తికొండలోనే కలరాతో చనిపోయాడు. పింఛన్ ఇచ్చి కూర్చోబెట్టిన కుటుంబాల్లో ఒకటి ఉయ్యాలవాడ. దాని సంగతి 1846లో ఏమైందో మీరు సినిమా చూశారు కాబట్టి నేను చెప్పను. గేమ్ భాషలో గ్రీవెన్స్ అనేది టర్నులు గడిస్తే తగ్గుతుంది. మనుషుల్లో ఒక్కోసారి తగ్గదు.

కర్నూలు మాత్రం 1800లో అలా పోలేదు. ఇక్కడ నవాబు ఉన్నాడు, నిజాంకి కట్టే కప్పం ఇక కంపెనీకి కట్టాలి, ఏటా లక్ష రూపాయలు. సివ్‌లో సిటీ స్టేట్ లాంటి స్థితి. చిన్న రాజ్యం, పెద్దవాళ్ల నీడ. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ ఇంకో రకం ఆట ఆడాడు. డబ్బంతా ఫిరంగులకీ మందుగుండుకీ పెట్టాడు. ఎవరితోనూ గట్టి పొత్తు లేదు. కోటలో, తోటల్లో దాచిపెట్టాడు. 1839లో కంపెనీకి తెలిసింది, సైన్యం వచ్చింది, సోదా చేస్తే లెక్కలేనన్ని తుపాకులు బయటపడ్డాయి. అక్టోబర్‌లో జోహరాపురం దగ్గర పోరాటం, నవాబు బందీ. తిరుచిరాపల్లికి పంపించారు. మర్నాటి ఏడు అక్కడే హత్యకు గురయ్యాడు.

కొండారెడ్డి బురుజు దగ్గర టీ తాగుతూ నేను ఈయన గురించి చాలాసార్లు ఆలోచించాను. అంత ఆయుధం పెట్టుకుని ఎవరి మీద యుద్ధానికి? ఒక్క ఊరు ఉన్న ఆటగాడు సైన్యం పెంచితే బలం పెరగదు, పక్కవాడి అనుమానం పెరుగుతుంది. గేమ్‌లో మీ సైనిక బలం ఎంతో ప్రత్యర్థికి అంకె రూపంలో కనిపిస్తూనే ఉంటుంది, దాచే వీల్లేదు. ఒంటరిగా దాచిపెట్టిన సైన్యం వల్ల వచ్చే నష్టం రెండు రకాలు: టర్ను టర్నుకీ ఖర్చు, పైగా అవతలివాడికి సాకు.

ఇప్పుడు నీళ్ల సంగతి. తమ్ముడి పదకొండు సిటీల్లో నాలుగు నీళ్లు లేనిచోట ఉన్నాయి. ఈ ఆటలో నది పక్కన సిటీ పెడితే హౌసింగ్ 5తో మొదలవుతుంది, నీళ్లు లేనిచోట 2. జనాభా పెరగదు. జనాభా పెరగకపోతే డిస్ట్రిక్ట్ పడదు: నాలుగుకి రెండోది, ఏడుకి మూడోది. సిటీ ఉంది, పేరు ఉంది, ఖర్చు ఉంది, మార్కెట్ కట్టే యోగం లేదు. అక్విడక్ట్ కడితే 6 దాకా వస్తుంది, కానీ అది కట్టడానికి ఇరవై టర్నులు పట్టేట్టుంది.

మన దగ్గర అక్విడక్ట్ అంటే కేసీ కెనాల్. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు పట్టుకుని కర్నూలు నుంచి కడప దాకా. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వింది, పడవలు నడపొచ్చు, నీళ్లు అమ్మొచ్చు అని. రైతులు అనుకున్నంతగా నీళ్లు తీసుకోలేదు. కంపెనీ తేరుకోలేకపోయింది, 1882లో ప్రభుత్వం కొనేసింది. తవ్వినవాడు మునిగిపోయాడు, కాలువ మాత్రం ఇప్పటికీ పారుతోంది. మంచి కట్టడమే, ఫలం వచ్చేలోపు కట్టినవాడి దగ్గర డబ్బు అయిపోయింది. గేమ్‌లో వండర్ కట్టి దివాలా తీసినవాళ్లు చేతులెత్తండి. నేనూ ఎత్తుతున్నాను.

ఇంకొకటి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పేస్తాను, ఎందుకంటే నేను లెక్క రాసుకుని ఆడటం నేర్చుకున్నది గేమ్‌లో కాదు.

మాది పత్తికొండ పక్క పల్లె. మా నాయనకి నాలుగెకరాలు. నేను ఇంటర్‌లో ఉండగా రెండేళ్లు వరుసగా శనక్కాయ బాగా పండింది, రేటూ వచ్చింది. పక్క చేను మూడెకరాలు అమ్మకానికి వస్తే కొన్నాడు. చేతిలో ఉన్నది సగం, అప్పు సగం, నూటికి రెండు రూపాయల వడ్డీ. కొత్త చేనుకి నీళ్లు కావాలి కదా, బోరు వేయించాడు. పడలేదు. ఇంకోటి. అదీ పడలేదు. మూడోదాంట్లో రెండించుల నీళ్లు వచ్చాయి, ఒక ఎండాకాలం ఆడింది. ఆ మూడు బోర్ల అప్పు చేను అప్పుని దాటిపోయింది. నాలుగో ఏడు ఆ మూడెకరాలూ అమ్మేశాడు. దాంతో సరిపోలేదు, పాతదాంట్లో ఎకరా కూడా పోయింది. ఏడెకరాలు అయిన మనిషి మూడెకరాలకి వచ్చాడు.

అప్పట్లో మా ఇంట్లో గోడకి వేలాడే క్యాలెండర్ మీద నాయన ఎర్ర ఇంకుతో గుండ్రాలు చుట్టేవాడు, ఏ తేదీకి ఎవరికి ఎంత అని. పంట వచ్చే నెలల మీద నీలం గుండ్రాలు. నీలం కంటే ఎర్ర ముందు వచ్చేది. ఎప్పుడూ. ఈ మధ్య ఇంటికి వెళ్లినప్పుడు అడిగాను, "నాయనా, అప్పుడు ఆ చేను కొనకపోతే బాగుండేదా?" అని. ఆయన కాసేపు ఆలోచించి, "చేను మంచిదే రా. ఎకరా ఎంత అని అడిగినా గానీ, నెలకెంత పోతాదని అడగల్యా" అన్నాడు. ఇప్పుడు ఆ మూడెకరాల్లో కొర్రలు, కందులు వేస్తున్నాడు. ఆ ఎర్ర గుండ్రాలు లేవు.

నిజాం కథ చదివినప్పుడు నాకు ముందు కనిపించింది ఆ క్యాలెండరే. కొత్తగా వచ్చిన భూమి ముందు పోవడం, అది తెచ్చిన అప్పు కిందే పోవడం. అందుకే ఎక్స్‌పాన్షన్, డిప్లొమసీ, ఎకానమీ అని మూడు తట్టల తక్కెడ లాగా చెప్పే వీడియోలు నాకు నచ్చవు. నేను చూసినంతలో తక్కెడ లేదు, ఒకే పట్టీ ఉంది. కొత్త సిటీ ఆ పట్టీలో ఒక ఖర్చు లైను. స్నేహితుడు ఇంకో ఖర్చు లైను, అతని గడువు ఎప్పుడు తీరుతుందో పక్కన రాసి ఉండాలి. నేను ఇప్పుడు ఆడేటప్పుడు పక్కన నోట్‌బుక్ పెట్టుకుంటాను. ఏ డీల్ ఏ టర్నుకి ముగుస్తుంది, ఏ ఫ్రెండ్‌షిప్ ఏ టర్నుకి తీరుతుంది, ఏ సిటీ ఏ టర్ను నుంచి లాభంలోకి వస్తుంది. ఎర్ర పెన్ను, నీలం పెన్ను. నా ఫ్రెండ్స్ నవ్వుతారు. నవ్వనీయండి.

సరే, ఫైల్ బాగు చేద్దాం. స్క్రీన్ చూడండి.

పక్క రాజుకి కట్టే 10 ఆపలేం. ఆపాలంటే అతని మీద యుద్ధమే చేయాలి, ఈ ఖజానాతో అది కుదరని పని. 12 టర్నులు ఓర్చుకోవాలి. తమ్ముడి దగ్గర కాఫీ రెండు చోట్ల ఉంది, ఒకటే చాలు. రెండోది దక్షిణాన ఉన్న స్నేహితుడికి టర్నుకి 6 గోల్డ్‌కి అమ్మాను. 8 అడిగాను, ఒప్పుకోలేదు. కత్తి వీరులు ఇద్దర్ని తీసేశాను, అక్కడ 4 మిగిలింది. తమ్ముడికి ఇది నచ్చదు, నాకు తెలుసు. ఒక ప్రమోషన్ వచ్చిన వీరుడు కూడా పోయాడు, క్షమించు.

ఇప్పుడు అసలు కష్టం. గెలిచిన మూడు సిటీల్లో చివరిది, లాయల్టీ పడిపోతున్నది, నీళ్లు లేనిది. ఎలాగూ ఇంకో ఏడెనిమిది టర్నుల్లో తిరగబడుతుంది. దాన్ని 90 గోల్డ్‌కి తూర్పు రాజుకి ఇచ్చేశాను. సీడ్ బటన్ మీద వేలు పెట్టి నేను కాసేపు ఆగాను, వీడియోలో కట్ చేశాను, మీకు కనపడదు. ఆ సిటీ కట్టడాల ఖర్చు 3 తగ్గింది, దాని నుంచి వచ్చే 1 పోయింది. ఎందుకు ఇదే సిటీ అంటే, మిగిలిన రెండూ నది ఇవతల ఉన్నాయి. నది దాటి శత్రువు వస్తే విలుకాళ్లతో ఆపొచ్చు. నిజాం దగ్గర నేర్చుకున్నది ఇదొక్కటి మంచిది.

లెక్క చూద్దాం. వచ్చేది 36, పోయేది 38. మైనస్ 2. ఖజానాలో 152. ఊపిరి పీల్చుకోవచ్చు. ట్రేడ్ రూట్ల కెపాసిటీ మూడు ఉంటే తమ్ముడు వాడుతున్నది ఒకటే. రాజధానిలో మరో కత్తి వీరుడు తయారవుతున్నాడు, అది ఆపి ట్రేడర్‌ని పెట్టాను. ట్రేడర్ బయల్దేరాక ప్లస్ 3. 130వ టర్నులో కంతు తీరింది, ప్లస్ 13. ఆ డబ్బుతో సరిహద్దులో ఉన్న రెండు సిటీలకి గోడలు మొదలుపెట్టాను. ఎందుకంటే తూర్పు రాజుతో ఫ్రెండ్‌షిప్ 134కి తీరుతోంది, అతని సరిహద్దులో గుర్రాలు కనిపిస్తున్నాయి. నాలుగైదు అనుకుంటా. మనం అమ్మిన సిటీ పక్కనే నిలబడి ఉన్నాయి.

ఆదోని తమ్ముడూ, 131 దాకా ఆడి ఫైల్ నీకు తిరిగి పంపిస్తున్నాను. నువ్వు అడిగిందానికి జవాబు: 118లో ఓడిపోతున్నావు, ఇప్పుడు తెలీదు. గోడలు 136కి గానీ పూర్తి కావు. 134కి ముందు అతనితో మళ్లీ ఫ్రెండ్‌షిప్ ఒప్పిస్తావో, ఆ రెండు టర్నులు విలుకాళ్లతో నెట్టుకొస్తావో నీ ఇష్టం. ఏం చేశావో రాయి, వచ్చే ఎపిసోడ్ దాంతోనే మొదలుపెడతాను. కరెంటు పోయింది, ఇన్వర్టర్ కూత పెడుతోంది. ఉంటాను.